పీరెక్కిన ఆకుపచ్చ చుక్క

రాస్తున్నావా? నేను చెప్పుకుంటూ పోతాను, నీ చెయ్యి నొప్పి పుడితే ఆగమను. మీ అమ్మ బజారు నుంచి వస్తే మాత్రం పుస్తకం మూసెయ్. ఇది దానికి కూడా తెలియదు.

నిన్న పీర్ల ఊరేగింపులో నువ్వొక ఫోటో తీశావు కదా. పెద్ద పీరుకు చుట్టిన గుడ్డల్లో ఒకటి వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ. దాని మూలన తెల్లటి గడి, గడిలో ఐదు కొనల ఆకుపచ్చ చుక్క. "అమ్మమ్మా, గిది ఎస్పరాంటో జెండా. నేను నెట్‌లో చూసిన. మన ఊరి పీరు మీదికి ఎట్ల వచ్చింది?" అని నలుగురిలో గట్టిగా అడిగావు. ఇన్నేళ్ళయినా ఆ మాట ఎవరైనా పైకి అంటే, ముందు రోడ్డు మీద జీపు ఉందా అని చూస్తాను.

ఆ జెండా కుట్టింది నేనే. పీరు మీదికి పంపిందీ నేనే.

మీ తాత బూర్గంపాడు అవతల ఒక బడిలో సోషల్ చెప్పేవాడు. ఒకసారి ఖమ్మం వెళ్ళి పాత పుస్తకాల కొట్టులో పలచటి పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. ఎస్పరాంటో అనే భాష నేర్పే పుస్తకం. ఏ దేశానిదీ కాని భాషట అది. ఏ దేశానిదీ కాదు కాబట్టి అందరిదీ అట. రోజూ పొద్దున నేను పొయ్యి రాజేస్తుంటే ఆయన వరండాలో కూర్చుని ఆ మాటలు వల్లె వేసేవాడు.

"ఎవలతోని మాట్లాడ్తవయ్యా గా భాష? గోదారిల చేపలతోనా?" అన్నాను ఒకరోజు.

"నువ్వు నేర్చుకో. నీతోనే మాట్లాడ్త."

"తెలుగులనే నీతో మాట్లాడలేక సస్తున్న. ఇంకో భాష ఎందుకు?"

నవ్వాడు. నవ్వి మళ్ళీ వల్లె వేశాడు. తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. ప్రతి ఉత్తరం మీద, పేరు పక్కన, ఆకుపచ్చ చుక్క ఒకటి గీసి ఉండేది. ఒక కవరులో శనగబద్దంత బ్యాడ్జీ కూడా వచ్చింది. అదే చుక్క. ఆ భాష వచ్చినవాళ్ళు దాన్ని జేబు మీద పెట్టుకుంటారట. ఎక్కడన్నా బస్సులోనో రైల్లోనో ఇంకొకరి జేబు మీద అదే చుక్క కనబడితే, ఆగి పలకరించుకోవాలట. గుర్తు ఉన్నదే అందుకట. అప్పటి నుంచి ఆయనతో భద్రాచలం వెళ్ళాలంటే నాకు సిగ్గు. బస్టాండులో దిగిన ప్రతి మనిషి ఛాతీ వైపు చూసేవాడు.

"ఆడోళ్ళు గూడ ఉన్నరు. జర చూపు దించు," అని గిల్లేదాన్ని.

జెండా సంగతి అలాగే వచ్చింది. ఆ భాష పుట్టించినాయన పుట్టినరోజు డిసెంబరులో వస్తుందట, ఆరోజు ఇంటి మీద జెండా ఎగరెయ్యాలి, కుట్టిపెట్టమని కూర్చున్నాడు. మన పక్కిల్లు దర్జీ సాయిబుది కదా. ఆయనే మన ఊరి పీర్లకు ముజావర్, అంటే పీర్లను ఎత్తేదీ దించేదీ కాపాడేదీ ఆయనే. పీర్లకు తెచ్చిన ఆకుపచ్చ తానులో మిగిలిన గుడ్డ ఇచ్చాడు. తెల్ల గుడ్డకు మీ తాత పాత పంచె చింపాను. చుక్క కత్తిరించడం నాకు కొత్తా? ప్రతి క్రిస్మస్‌కూ కాగితం మడిచి కత్తిరించేదే. మీ తాత పక్కన నిలబడి పాఠం చెప్పాడు. ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపు అంటే శాంతి, ఐదు కొనలు ఐదు ఖండాలు.

"మరి నా నడుం నొప్పికి ఏ రంగు?" అన్నాను మిషన్ తొక్కుతూ.

ఆ డిసెంబరులో మా ఇంటి మీద రెండు చుక్కలు. ఒకటి వెదురు కర్రకు క్రిస్మస్ చుక్క, ఒకటి ఆయన జెండా. ఊళ్ళోవాళ్ళు రెండూ యేసుప్రభువువే అనుకున్నారు.

నాకు మాత్రం లోపల గుబులుగానే ఉండేది. నీకు ఆ రోజులు తెలియవు. రెండు వేల ఆరో, ఏడో. వాగు దాటితే అడవి. అడవిలో అన్నలు ఉన్నారనేవాళ్ళు. వాళ్ళను వెతుక్కుంటూ పోలీసులు వచ్చేవాళ్ళు. ఒకరికి మంచినీళ్ళు ఇస్తే ఇంకొకరు వచ్చి ఎందుకిచ్చావనేవాళ్ళు. అడవి దారిలో చనిపోయిన అన్నలకు కట్టిన దిమ్మెల మీద చుక్క గుర్తు ఉండేది. ఎర్ర చుక్క. ఆ భయానికి మా ఆడవాళ్ళం ఎర్ర రవిక గుడ్డ కూడా పెట్టె అడుగున పెట్టేవాళ్ళం.

"ఆ చుక్క తీసెయ్యయ్యా," అని ఎన్నిసార్లు చెప్పానో.

"ఎర్రది గాదు గదనే, ఆకుపచ్చది. పోలీసోళ్ళకు రంగులు తెల్వదా?"

"భయపడ్డోనికి రంగులు కనబడయి," అన్నాను. వినలేదు.

క్రిస్మస్ అయిన నెలకు పీర్ల పండగ వచ్చింది. పదో రోజు, పీర్లను వాగుకు తీసుకెళ్ళే రోజు, బడికి సెలవు. మీ తాత పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబు మీద చుక్క పెట్టుకుని బయల్దేరాడు. విశాఖ వైపు నుంచి ఆ భాష వచ్చిన పెద్దమనిషి ఒకాయన రాముడి దర్శనానికి వస్తున్నానని కార్డు రాశాడు. భద్రాచలం బస్టాండులో కలుసుకోవాలి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరుగరు. చుక్క చూసి గుర్తుపట్టాలి. మీ తాత పెళ్ళిచూపులకు పోతున్నట్టు దువ్వెన మూడుసార్లు తీశాడు.

పది కాకముందే సాయిబు భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను ఆపా అని పిలిచేదాన్ని. పీర్లకు పూలు తేవడానికి వెళ్ళి, మీ తాత ఎక్కిన బస్సులోనే ఎక్కింది. ఆమె చేతిలో పూల బుట్ట లేదు. ఎక్కడో పడేసి వచ్చింది.

"సారును బస్సుల నుంచి దింపిండ్రు," అంది. ఊపిరి అందడం లేదు.

"ఎవలు?"

"పోలీసోళ్ళు. బస్సు ఆపిండ్రు. సారు అంగీ మీద చుక్క చూసి గిదేందని అడిగిండ్రు. భాష గుర్తు అన్నడు. ఎందుకు పెట్టుకున్నవంటే, గిది పెట్టుకున్నోళ్ళం ఒకల్నొకలం గుర్తువట్టుకుంటం అన్నడు."

"అయ్యో."

"ఎవలిని కలువవోతున్నవంటే, తెల్వదు సార్, ఎన్నడు చూడలే అన్నడు. ఇంటికాడ జెండా గూడ ఉందన్నడేమో, నాకు సరిగ వినబడలే. జీపుల ఎక్కించుకున్నరు. ఇంటికి గూడ వస్తరట. జల్దీ ఏదన్న చెయ్యి!"

ఆయన ఒక్క అబద్ధం చెప్పలేదు చూడు. చెప్పిన ప్రతి నిజమూ ఆయన మెడకే చుట్టుకుంది.

ప్రార్థన చేద్దామంటే పరలోక ప్రార్థన సగంలో మరిచిపోయాను. మా ఊళ్ళో అలా జీపెక్కి పోయి తిరిగి రానివాళ్ళు ఉన్నారని చెప్పుకునేవాళ్ళు. నా తలలో ఒక్కటే ఆలోచన. వాళ్ళు వచ్చేసరికి ఇంట్లో చుక్క అనేది ఉండకూడదు.

ఉత్తరాల పెట్టె దించాను. అన్నిటి మీదా చుక్కలే. పొయ్యి ఇంకా ఆరలేదు. ఒక్కొక్కటీ పెట్టడానికి చెయ్యి రాలేదు, అందుకే కట్టకు కట్ట పెట్టేశాను. పుస్తకం కూడా పెట్టాను. రంగు రంగుల స్టాంపులు ముడుచుకుపోవడం చూస్తూ ఊదుగొట్టంతో ఊదాను. నా చేత్తో నేనే ఊదాను బిడ్డా.

జెండా మిగిలింది. అది టెర్లిన్ కలిసిన గుడ్డ, కాలిస్తే వాసన వాడంతా వస్తుంది. బావిలో వేస్తే తేలుతుంది. అప్పుడు డప్పులు వినబడ్డాయి. పీర్ల చావడిలో అలంకారం జరుగుతోంది. మొక్కుకున్నవాళ్ళు ఆకుపచ్చ గుడ్డలు తెచ్చి ఇస్తుంటారు, దట్టీలంటారు వాటిని. హిందువులు ఇస్తారు, కోయవాళ్ళు ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్నాక మేము మాత్రం మానేశాం. అయినా వెళ్ళాను. చుక్క లోపలికి వచ్చేలా నాలుగు మడతలు వేసి, కొంగు కింద పెట్టుకుని వెళ్ళాను. వంద గుడ్డల మధ్య ఒక గుడ్డ, అదే తాను, అదే రంగు. ఎవరు కనిపెడతారు?

సాయిబు పెద్ద పీరుకు ఊదు వేస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందమ్మా, మీరు ఇయ్యరు గదా?"

"మొక్కిన అన్నా," అన్నాను. అబద్ధమో నిజమో అప్పుడు నాకే తెలియదు.

ఆయన కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. నేను ఇంటికి తిరిగొచ్చి బూడిద మీద నీళ్ళు చల్లుతుండగానే జీపు వచ్చి ఆగింది.

మీ తాత వెనక కూర్చున్నాడు, ఇద్దరు పోలీసుల మధ్య. జేబు దగ్గర చొక్కా కొద్దిగా చిరిగింది, చుక్క లాగేసిన చోట. నన్ను చూసి తల ఊపాడు, భయం లేదన్నట్టు. ఎస్సై ఒక్కడే లోపలికి వచ్చాడు. కుర్రవాడే, కోస్తా మాట.

"అమ్మా, మీ ఆయన ఇంట్లో జెండా ఉందన్నాడు. నువ్వే కుట్టావంట. తీసుకురా."

"జెండా ఏంది సార్? మా ఇంట్ల ఏ జెండా లేదు."

"ఉత్తరాలు?"

"లెవ్వు సార్."

ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. మీ తాత స్టేషన్లో గీసిన బొమ్మ. జెండా, మూలన గడి, గడిలో చుక్క. పక్కన కొలతలు కూడా రాశాడు మహానుభావుడు.

"ఆయన ఉందంటాడు. ఆ జెండా, ఆ ఉత్తరాలు చూస్తే మీకే తెలుస్తుంది, నన్ను వదిలేస్తారు అని పొద్దుటి నుంచి బతిమాలుతున్నాడు. నువ్వేమో అసలు లేవంటావు. ఇద్దరిలో అబద్ధం ఎవరిది?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన్ని కాపాడేవి అవే. నేను దాచి కాపాడుతున్నాననుకున్నాను. ఎస్సై వంటింట్లోకి నడిచాడు. పొయ్యి దగ్గర వంగి తడి బూడిదను కర్రతో కెలికాడు. అడుగు నుంచి సగం కాలిన పోస్టు కార్డు ఒకటి బయటపడింది.

"భయపడి కాల్చిన సార్," అన్నాను. ఏడుపు వచ్చేసింది. "చుక్క చూస్తే మీరు చంపుతరనుకున్న."

ఆయన మొహం ఎలా మారిందో చెప్పలేను. కోపమూ కాదు, జాలీ కాదు. కార్డు తుడిచి చూశాడు. పైన చుక్క ఉంది. ఆ భాషలో నాలుగు వరుసలు, వాటిలో భద్రాచలం అన్న మాట, ఆ రోజు తారీఖు ఇంగ్లీషులో ఉన్నాయట. కింద రబ్బరు స్టాంపు. పేరు కాలిపోయింది, ఊరు కాలిపోయింది, 'విశ్రాంత ప్రధానోపాధ్యాయులు' అన్నది మాత్రం మిగిలింది.

"జెండా కూడా కాల్చావా?"

నేను చెప్పేలోపే డప్పులు మా సందులోకి వచ్చాయి. పెద్ద పీరు ముందు నడుస్తోంది. నేను తలుపులోంచి చూశాను. నేను లోపలికి మడిచిన చుక్కను సాయిబు పైకి తీసి, అందంగా ఉందని పీరు గుండెల మీద, అందరికీ కనబడేలా కట్టాడు! గాలికి తెల్ల గడి రెపరెపలాడుతోంది. ఊరంతా దాని వెనకే వస్తోంది. దాచిన వస్తువు అంత ఎత్తున ఊరేగడం నువ్వు ఎక్కడన్నా విన్నావా?

ఎస్సై చేతిలో బొమ్మ చూశాడు, పీరును చూశాడు.

"ఆపండి!" అని బయటికి నడిచాడు.

డప్పులు ఆగాయి. పోలీసులు దిగారు. జనం దగ్గరికి జరిగారు. ఎవడో ఒకడు రాయి విసిరినా, ఎవడో ఒకడు తుపాకి ఎత్తినా అక్కడితో అయిపోయేది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఆ గుడ్డ విప్పు," అన్నాడు ఎస్సై.

సాయిబు రెండు చేతులూ జోడించాడు, కానీ కదల్లేదు. "సార్, ఎత్తిన పీరు మీద నడుమల చెయ్యి వెయ్యరు. మా తాతల నాటి పద్ధతి. వాగు కాడ దించుతం. దించినంక గుడ్డలన్ని నేనే ఇప్పుత, ముందుగాల మీ చేతికే ఇస్త. అప్పటిదాంక ఇటు గుడ్డకు, అటు సారుకు నేను జిమ్మేదారి."

ఎస్సై జనాన్ని చూశాడు. "సరే, నడవండి," అన్నాడు చివరికి.

ముందు పీర్లు, వెనక జనం, వాళ్ళ వెనక నెమ్మదిగా జీపు. జీపు పక్కన నేను. వాగు అర్ధగంట నడక. ఆరోజు ఎంతకీ రాలేదు. వాగు అవతల అడవి. అక్కడికి తీసుకెళ్ళి ఏం చేస్తారో అని ప్రతి అడుగుకూ తల తిప్పి ఆయన ఉన్నాడా అని చూసుకున్నాను. మీ తాత జీపు అంచు మీదికి వంగాడు.

"పీరుకు నువ్వే కట్టిపిచ్చినవా?"

"అవ్."

తల ఎత్తి చూశాడు. "మంచిగ కనబడుతున్నదే," అన్నాడు. దవడ మీద ఒకటి ఇద్దామనిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "భయపడకు. ఉత్తరాలున్నయి గదా. అవి చూస్తే ఇడిసిపెడ్తరు," అన్నాడు.

జీపు చక్రం చూస్తూ నడిచాను.

వాగు దగ్గర పీర్లను దించారు. సాయిబు ఫాతిహా చదివి, ఒక్కొక్క గుడ్డా విప్పి, మాట ఇచ్చినట్టే ఆ జెండాను మొదట ఎస్సై చేతికి ఇచ్చాడు. ఆయన జీపు బానెట్ మీద పరిచాడు. పక్కన మీ తాత గీసిన బొమ్మ పెట్టాడు. సరిగ్గా అదే.

"ఈ గుడ్డ ఎక్కడిది? అడవిలోంచి వచ్చిందా?"

"నా దుకాణంది సార్," అని సాయిబు పీరుకు కట్టిన ఇంకో దట్టీ తెచ్చి దాని పక్కన పరిచాడు. "గీ అంచు చూడుండ్రి. ఒకటే తాను. సగం పీరుకు, సగం సారుకు."

ఆపా వెనక నుంచి అందుకుంది. "సారు గురించి నేను చెప్త సార్. గాయన కోడిని గూడ అదిలియ్యడు. మా బర్రె వాళ్ళ పెరట్ల పడితే దాన్ని గూడ 'మీరు' అంటడు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సై నవ్వలేదు గానీ భుజాలు దిగాయి. మీ తాతను కిందికి దింపాడు. వారం వారం స్టేషన్‌కొచ్చి సంతకం పెట్టాలన్నాడు, చుక్క బ్యాడ్జీ ఇక తిరిగి ఇవ్వనన్నాడు. జెండా మా చేతికి ఇవ్వబోతే సాయిబు అడ్డం వచ్చాడు. పీరుకిచ్చిన గుడ్డ పీరుదే, వెనక్కి పోదన్నాడు. అందుకే ప్రతి ఏడూ అది పీరు మీద ఉంటుంది.

జీపెక్కే ముందు ఎస్సై నా దగ్గరికి వచ్చి, ఆ సగం కార్డు నా చేతిలో పెట్టాడు. "కాల్చిన సంగతి సారుకు నేను చెప్పలేదు. నువ్వే చెప్పుకో అమ్మా," అన్నాడు మెల్లగా.

ఇంటికి రాగానే మీ తాత పెట్టె తీశాడు. ఖాళీ. నా వైపు చూశాడు. నాలుక చివరి దాకా వచ్చింది.

"వాళ్ళే పట్కపోయిండ్రు," అన్నాను.

ఆయన తల ఊపి మూత పెట్టాడు. అడగడానికి స్టేషన్‌కు వెళ్ళే ధైర్యం ఆయనకు లేదని నాకు తెలుసు. ఆ పెద్దమనిషి భద్రాచలం బస్టాండులో చుక్క పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో, దిగిన ప్రతి మనిషి ఛాతీ వైపు ఎలా చూశాడో, మాకు తెలియదు. అడ్రసు పోయింది, క్షమాపణ రాయడానికి దారి లేదు. తర్వాత ఒకటి రెండు ఉత్తరాలు వస్తే మీ తాత విప్పకుండానే పోస్ట్‌మన్‌కు తిరిగి ఇచ్చేశాడు. వల్లె వేయడం మానేశాడు. పొద్దున పొయ్యి రాజేసేటప్పుడు వరండాలో చప్పుడు లేకపోతే నాకు చెవులు దిబ్బడ వేసినట్టు ఉండేది. క్రిస్మస్‌కు మన ఇంటి మీద చుక్క ఎందుకు కట్టవని మీ అమ్మ అడుగుతుంటుంది చూడు, ఇదీ కారణం.

ఎప్పుడన్నా హుషారుగా ఉంటే మాత్రం అనేవాడు. "ఆ ఎస్సై నా ఉత్తరాలన్ని చదివి ఈపాటికి భాష మొత్తం నేర్చుకుని ఉంటడే. ఎక్కడన్న కనబడితే ఆ భాషల్నే పలకరిస్త."

నేనూ ఆయనతో కలిసి నవ్వేదాన్ని. పోయే దాకా ఆయన అలాగే అనుకున్నాడు.

ఆ మిషన్ సొరుగు లాగు. బాబిన్ల కింద, మందుల చీటీలో ఆ సగం కార్డు చుట్టి ఉంటుంది. మెల్లగా, అంచులు రాలిపోతాయి. ఆ నాలుగు వరుసలు ఏం చెబుతున్నాయో ఫోన్లో తెలుస్తుందంటావా? ఉండు, ఇప్పుడే కాదు. ఏదో బండి వచ్చి ఆగింది. ముందు పోయి ఎవరో చూసి రా.